ఎడమ చేతికి నాడి అందదు, ఈఎస్ఆర్ నార్మల్: టకయాసు జబ్బులో ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: మా చెల్లికి 24 ఏళ్లు, బరువు 50 కిలోలు. బట్టలు ఆరేసేటప్పుడు, జడ వేసుకునేటప్పుడు ఎడమ చెయ్యి లాగేస్తోందని ఏడాదిగా చెబుతోంది. ఆ మణికట్టు దగ్గర నాడి అందడం లేదన్నారు. బీపీ కుడి చేతికి 154/92, ఎడమ చేతికి 102/74. సీటీ యాంజియో తీసి టకయాసు ఆర్టెరైటిస్ అని తేల్చారు. ప్రెడ్నిసోలోన్ 40 మి.గ్రా.తో మొదలుపెట్టారు, మూడు నెలలకు 20కి తగ్గించారు. ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 70 నుంచి 18కి వచ్చింది. ముఖం ఉబ్బిపోయిందని ఇంట్లో అందరూ స్టెరాయిడ్ ఆపేయమంటున్నారు. ఆపొచ్చా? స్టెంటు వేస్తే నాడి తిరిగి వస్తుందా?

జవాబు:

ఆపకండి. మూడు నెలలు స్టెరాయిడ్ వాడాక ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ హార్మోను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి. ఒక్కసారిగా మాత్ర మానేస్తే బీపీ పడిపోవడం, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం దాకా వెళ్తుంది. 40తో మొదలుపెట్టి మూడు నెలలకు 20కి దించడం సరైన నడకే. సాధారణంగా రెండు మూడు నెలల్లో 15–20కి, ఏడాది తిరిగేసరికి 10 లేదా అంతకన్నా కిందికి తేవాలని చూస్తారు. ముఖం ఉబ్బు డోసు తగ్గేకొద్దీ దిగిపోతుంది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా బాధగానే ఉంటుంది, కాదనను. కానీ అది పోయేది. మూసుకుపోయిన రక్తనాళం అలా కాదు.

పేరు గురించి ఒక మాట. ఇది ఆర్థరైటిస్ కాదు, ఆర్టెరైటిస్. మన నోట్లో రెండూ ఒకేలా పలుకుతాయి. పైగా చూసేది కీళ్ల డాక్టరే, అదే రుమటాలజిస్టు. దాంతో చుట్టాలంతా మోకాళ్ల నొప్పుల నూనెలు తెచ్చి ఇస్తుంటారు. ఇక్కడ వాచేది కీలు కాదు, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని, దాని పెద్ద కొమ్మల గోడలు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే ఆ గోడలోకి చొరబడతాయి. గోడ వాచి మందమవుతుంది, తర్వాత మచ్చ కట్టి గట్టిపడుతుంది, లోపలి దారి ఇరుకవుతుంది. కొందరిలో ఇరుకవడానికి బదులు గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. ఎడమ భుజం కిందుగా చేతికి వెళ్లే సబ్‌క్లేవియన్ ధమని దీనికి బాగా గురయ్యే చోట్లలో ఒకటి. చెయ్యెత్తి పనిచేస్తే లాగేయడానికి కారణం అదే. పనిచేసే కండరానికి కావలసినంత రక్తం అందదు, దించి కాసేపు ఆగితే తగ్గిపోతుంది.

ఇది అంటుకునేది కాదు. తల్లి నుంచి బిడ్డకు నేరుగా వచ్చేదీ కాదు. ఎక్కువగా 40 ఏళ్లలోపు ఆడవాళ్లలో కనిపిస్తుంది.

ఇక బీపీ. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈఎస్ఆర్ కాదు, ఆ 154/92. ఎడమ చేతి 102 అబద్ధం. పైన గొట్టం మూసుకుపోతే కింద కుళాయిలో నీళ్లు సన్నగా వస్తాయి, దాన్ని చూసి ట్యాంకు ఖాళీ అనుకోకూడదు కదా. ఏ క్లినిక్‌లోనో నర్సమ్మ అలవాటుగా ఎడమ చేతికి పట్టీ కట్టి "బీపీ 100, బాగుంది" అంటే, ఎవరైనా ఉన్న బీపీ మాత్ర కూడా తీసేయవచ్చు. ఈ జబ్బులో పక్షవాతానికి, గుండె వైఫల్యానికి దారితీసే పెద్ద తప్పు అదే.

అందుకే ఒక్కసారైనా నాలుగు అవయవాలకూ బీపీ చూడాలి. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి రెండు చేతులకూ చూడండి. తర్వాత చేతి పట్టీనే చీలమండ ఎముకకు రెండు వేళ్లు పైన కట్టి రెండు కాళ్లకూ చూడండి. కూర్చుని కాలికి చూస్తే అంకె ఊరికే పెరుగుతుంది, పడుకునే చూడాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చీలమండ దగ్గర పై అంకె చేతితో సమానంగా గానీ కొంచెం ఎక్కువగా గానీ ఉంటుంది. కాళ్లలో తక్కువుంటే పొట్టలోని బృహద్ధమనో, కాళ్లకు వెళ్లే నాళాలో ఇరుకయ్యాయేమో చూడాలి. కాళ్లలో 190 ఉండి కుడి చేతిలో 154 ఉంటే కుడి చెయ్యి కూడా పూర్తి నిజం చెప్పడం లేదేమో అనుకోవాలి. నాలుగింటిలో అన్నిటికన్నా ఎక్కువ చూపించేదే నమ్మదగిన అవయవం, ఇకపై ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ దానికే చూడాలి. ఇంట్లోని డిజిటల్ మిషన్ నాడి కొట్టుకునే అలలను పట్టుకుని లెక్క కడుతుంది. నాడి అందని చేతికి కడితే ఎర్రర్ చూపిస్తుంది, లేదా ఏదో ఒక అంకె చెప్పేస్తుంది. రెండోదే ప్రమాదం.

నాలుగు అవయవాల నాళాలూ ఇరుకైన వాళ్లూ ఉంటారు. వాళ్లకు బయట ఏ పట్టీ కట్టినా అసలు బీపీ తెలియదు, గుండె దగ్గరి ఒత్తిడిని క్యాథెటర్ పెట్టి కొలవాల్సి వస్తుంది. అనుమానానికి ఆధారం ఇచ్చేవి రెండు: ఎకోలో ఎడమ గుండె గది గోడ మందంగా ఉండటం, కంటి వెనక పొరలో బీపీ దెబ్బ కనిపించడం. ఈ రెండింటిలో ఏది కనిపించినా చేతి దగ్గర 110 ఉందని ఊరుకోకూడదు. ఈ జబ్బును 1908లో మొదట బయటపెట్టిన జపాన్ డాక్టర్ మికితో టకయాసు కూడా కంటి డాక్టరే. ఒక యువతి కంటి వెనక రక్తనాళాలు దండలా చుట్టుకుని ఉండటం ఆయన చూశారు. అలాంటి కళ్లున్న తమ రోగులకు మణికట్టులో నాడి లేదని అదే సభలో మరో ఇద్దరు డాక్టర్లు చెప్పారు. మన దేశంలో ఈ జబ్బు పొట్టలోని బృహద్ధమనికి, కిడ్నీ నాళాలకు పాకడం ఎక్కువ. జపాన్‌లో పైభాగంలోని నాళాలకే ఎక్కువ. కాబట్టి మనవాళ్లలో మొదట కనిపించేది చాలాసార్లు హై బీపీయే. సీటీ ఛాతీ వరకే తీశారా, పొట్టలోని కిడ్నీ నాళాలు కూడా కనిపించాయా అని రిపోర్టులో వెతకండి. కిడ్నీ నాళాలు రెండూ ఇరుకైతే రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు క్రియాటినిన్‌ను (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెంచేస్తాయి. వాటిని మొదలుపెడితే వారం రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి.

ఈఎస్ఆర్ 18 మంచిదే, అయితే అది సగం సాక్షి. ఈఎస్ఆర్, వాపును చూపే మరో రక్తపరీక్ష సీఆర్‌పీ నార్మల్‌గా ఉన్నా రక్తనాళం గోడలో వాపు నడుస్తూనే ఉండటం ఈ జబ్బులో మామూలే. పంటి ఇన్ఫెక్షనో, రక్తహీనతో ఉంటే జబ్బు శాంతించినా ఈఎస్ఆర్ పెరుగుతుంది. టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లకైతే సీఆర్‌పీ దాదాపు పనికిరాదు. లివర్‌కు సీఆర్‌పీ తయారుచేయమని చెప్పే ఇంటర్‌ల్యూకిన్-6 సందేశాన్నే ఆ మందు ఆపేస్తుంది, దాంతో లోపల ఏం జరుగుతున్నా అంకె కిందే ఉంటుంది. అందుకే మూడింటినీ కలిపి చూస్తారు: జ్వరం, బరువు తగ్గడం, మెడ పక్కన నొక్కితే నొప్పి, ఇంకో చోట నాడి తగ్గడం లాంటి లక్షణాలు, రక్తపరీక్షలు, స్కాన్. మొదటి ఏడాది రెండేళ్లు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ఎంఆర్ యాంజియో తీస్తే పాత ఇరుకు అలాగే ఉందా, కొత్త చోట మొదలైందా తెలుస్తుంది. వయసు చిన్నది, ఏళ్ల తరబడి తీయాల్సినవి కాబట్టి రేడియేషన్ లేని ఎంఆర్‌ఐ మేలు. ఎప్పుడూ ఒకే సెంటర్‌లో తీయించి, సీడీలు దాచండి. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే పాత గోడ మందానికీ కొత్తదానికీ పోల్చి చూడటం కుదరదు.

స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చి తగ్గిస్తూ పోతే చాలామందిలో జబ్బు మళ్లీ లేస్తుంది. చెల్లికి పక్కన ఇంకో మందు రాశారో లేదో మీరు చెప్పలేదు. రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, మైకోఫెనోలేట్‌లలో ఒకటి మామూలుగా ఉంటుంది. వాటికి లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్, టోసిలిజుమాబ్ లాంటి బయోలాజికల్ ఇంజెక్షన్లు. మెథోట్రెక్సేట్ రాసి ఉంటే వారానికి ఒక్కరోజే వేయాలి. రోజూ వేసుకుని నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చిన్న మాత్రే, కొన్ని కంపెనీలవి రెండూ పసుపు రంగే. వారం పేరు తెలుగులో స్ట్రిప్పు మీద రాయండి, రెండింటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టండి. ప్రెడ్నిసోలోన్ పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకోవాలి, రాత్రి వేస్తే నిద్ర పట్టదు. క్యాల్షియం, విటమిన్ డి ఉండాలి. షుగర్ నెలకోసారి, కంటిలో శుక్లాలు, ఒత్తిడి ఏడాదికోసారి చూపించండి. ఉప్పు, పచ్చళ్లు తగ్గిస్తే ముఖం ఉబ్బు సంగతెలా ఉన్నా బీపీకి మంచిది. కీళ్లనొప్పులకని అమ్మే చూర్ణాల జోలికి పోవద్దు. వాటిలో కొన్నింట్లో చెప్పకుండా కలిపేది స్టెరాయిడే.

టీబీ సంగతి. బయోలాజికల్ ఇంజెక్షన్లకు ముందు, దాగిన టీబీ ఉందేమో చూసేందుకు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (చర్మపరీక్ష) లేదా ఇగ్రా (రక్తపరీక్ష) తప్పనిసరి. మాంటూ పాజిటివ్ వస్తే భయపడకండి. టీబీ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందన్నదే దాని అర్థం, టకయాసుకు అదే కారణమని కాదు. టీబీ మందులు నిజంగా మొదలుపెడితే మాత్రం రుమటాలజిస్టుకు ఆ రోజే చెప్పండి. వాటిలోని రిఫాంపిసిన్ లివర్‌ను పరుగెత్తించి ప్రెడ్నిసోలోన్‌ను త్వరగా కరిగించేస్తుంది. 20 మి.గ్రా. మింగినా పనిచేసేది అందులో కొంతే, జబ్బు మళ్లీ లేస్తుంది. బీపీ మాత్ర అమ్లోడిపిన్‌కూ ఇదే గతి, బీపీ పెరుగుతుంది.

స్టెంటు విషయంలో తొందరపడొద్దు. వాపు ఉన్న గోడలో బెలూను ఊది స్టెంటు పెడితే మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. ప్రాణాపాయం లేకపోతే జబ్బు శాంతించాకే చేస్తారు. అదీ కిడ్నీ నాళం ఇరుకై బీపీ లొంగనప్పుడు, మెదడుకు వెళ్లే నాళం బాగా మూసుకున్నప్పుడు, బృహద్ధమని ఉబ్బినప్పుడు. ఎడమ చేతికి నాడి అందకపోవడం ఒక్కటే స్టెంటుకు కారణం కాదు. పక్కదారుల్లో చిన్న నాళాలు పెరిగి ఆ చెయ్యిని బతికిస్తాయి, కొన్ని నెలల్లో లాగడం కూడా తగ్గొచ్చు. మచ్చ కట్టిన నాళాన్ని మందు తెరవలేదు. మందు పని మిగతా నాళాలను కాపాడటం. నాడి తిరిగి రాలేదు కాబట్టి మందు పనిచేయడం లేదని మానేయకండి.

పెళ్లి మాట ఇంట్లో వస్తుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. పిల్లల్ని కనొచ్చు, కాకపోతే ముందే ప్లాన్ చేసుకుని. జబ్బు శాంతించి, బీపీ అదుపులో ఉండాలి. మెథోట్రెక్సేట్ మూడు నెలల ముందు, మైకోఫెనోలేట్ కనీసం ఆరు వారాల ముందు ఆపి, డాక్టరు అజాథయోప్రిన్‌కు మారుస్తారు. రామిప్రిల్, టెల్మిసార్టాన్ గర్భంలో పనికిరావు. గర్భంతో ఉండగా అసలు గండం బీపీదే, కాబట్టి ఏ అవయవానికి చూడాలో కాన్పు చేసే డాక్టరుకూ మత్తు డాక్టరుకూ ముందే తెలియాలి.

హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. వెల్లూరు సీఎంసీ ఈ జబ్బు రోగులను పెద్ద సంఖ్యలో చూసే చోటు. తరచూ అంత దూరం వెళ్లలేకపోతే ఏడాదికోసారి అక్కడ, మధ్యలో దగ్గరి ఫిజీషియన్ దగ్గర చూపించుకోవడం కూడా నడుస్తుంది. ఉన్నట్టుండి మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు చచ్చుబడినా, చూపు మసకబారినా, ఛాతీలోనో వెన్నులోనో చీల్చినట్టు నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. జ్వరం, వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోతే కూడా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌గా ఇస్తారు.

ఇంకో పని ఈ రాత్రికే చేయండి. ఒక చిన్న అట్టముక్క మీద తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఇలా రాసి చెల్లి ఫోన్ కవర్లో పెట్టండి: "టకయాసు ఆర్టెరైటిస్. ఎడమ చేతికి బీపీ చూడవద్దు, కుడి చేతికి చూడండి. రోజూ స్టెరాయిడ్ వాడుతోంది, ఆపవద్దు." నాలుగు అవయవాల బీపీ చూశాక కాలి అంకె ఎక్కువ వస్తే "కుడి చేతికి" కొట్టేసి ఆ కాలి పేరు రాయండి.