పల్లెవెలుగు లివరీ వోల్వోకి అతకదు
గేమింగ్ సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా ఆడేవాళ్లం టెలిగ్రామ్ గ్రూపులో ఆర్టీసీ లివరీలు (బస్సు మీది రంగులు, రాతలు), మోడ్లు (ఆడేవాళ్లే తయారుచేసి గేమ్‌లో కలిపే బండ్లు) పంచుకుంటున్నాం. పల్లెవెలుగు అని వెతికితే ఏవేవో వస్తాయి. తీరా బస్సుకి వేస్తే అక్షరాలు కిటికీల మీద పడతాయి. ట్యాగులు ఎట్టా పెట్టుకోవాల?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: అక్షరాలు కిటికీల మీద పడ్డాయంటే లివరీ చెడిపోయిందని కాదు, ఇంకో బస్సుకి గీసింది మీ బస్సుకి వేశారని. లివరీ ఒక పీఎన్‌జీ బొమ్మ. బస్సు తోలు ఒలిచి నేల మీద పరిచినట్టు ఎడమ పక్క, కుడి పక్క, ముందు, వెనక అన్నీ అందులో ముక్కలుగా ఉంటాయి. ఏ ముక్క ఎక్కడుండాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. కాబట్టి పల్లెవెలుగు కంటే ముందు పెట్టాల్సిన ట్యాగు మోడల్ పేరు. దాని పక్కనే మోడ్ చేసినవాళ్ల పేరూ ఉండాలి. ఇద్దరు వేర్వేరుగా చేసిన అశోక్ లేలాండ్ మోడ్లకి పేరొకటే అయినా టెంప్లేట్, అంటే ఆ ముక్కల అమరిక, ఒకటి కాకపోవచ్చు.

తర్వాత ఫైలు రకం: లివరీయా, బండి మోడా? మోడ్ అయితే ఏ గేమ్ వెర్షన్‌లో నడిపి చూశారో కూడా రాయండి. ఆపైన సర్వీసు, డిపో. అంతే, అయిదు చాలు. ‘కేక’, ‘హెచ్‌డీ’, ‘లేటెస్ట్’ లాంటివి ట్యాగులు కావు. ఆర్నెల్లు పోతే లేటెస్ట్ అన్నవి పది ఫైళ్లుంటాయి, వాటిలో కొత్తదేదో తేలదు. వీ1, వీ2 అని అంకె వేయండి.

డిపోకి ఊరి పేరే పెట్టండి, జిల్లా వద్దు. కందుకూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకి మారింది. జిల్లా పేరుతో వెతికితే పాత ఫైళ్లు ఒకచోట, కొత్తవి ఒకచోట తేలతాయి.

అసలు తంటా స్పెల్లింగుది. ఇంగ్లీషు అక్షరాల్లో పల్లెవెలుగుని ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడగొడతారు, ఇంకొకరు పీవీ అని సరిపెడతారు. ఒక రూపం ఖాయం చేసి, మొత్తం జాబితా గ్రూపులో పిన్ చేయండి. టెలిగ్రామ్‌లో హ్యాష్‌ట్యాగు ఖాళీ దగ్గర, అడ్డగీత దగ్గర తెగిపోతుంది. మాటలు కలపాలంటే అండర్‌స్కోర్ వాడాలి. ఉత్త అంకెలు ట్యాగు కావు. ట్యాగుల్ని ఫైలు కింది క్యాప్షన్‌లోనే రాయండి. విడి మెసేజ్‌లో రాస్తే వెతికినప్పుడు ఆ మెసేజే దొరుకుతుంది, ఫైలు కోసం మళ్లీ పైకీ కిందికీ జరపాలి. తప్పు పడితే గ్రూపులో సభ్యులు దిద్దుకోడానికి 48 గంటలు గడువుంది.

ఇంకొకటి. ట్యాగు గ్రూపులోనే ఉండిపోతుంది, ఫోన్లోకి దిగేది ఫైలు పేరొక్కటే. ‘1’ అనో ‘ఫైనల్’ అనో పేరున్న పీఎన్‌జీ రేపు ఎవరి ఫోన్లోనైనా అనాథే. మోడల్, సర్వీసు, వీ2 – ఈ మూడూ ఫైలు పేరులోనే ఇరికించండి.

ప్రశ్న: ట్యాగులన్నీ సరిగ్గానే పెట్టి పంపాను. అయినా అక్షరాలు అలుక్కుపోయాయంటున్నారు. ఏంది కారణం?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఫొటోగా పంపి ఉంటారు. వాట్సాప్ అయినా టెలిగ్రామ్ అయినా ఫొటోని కుదించి జేపీజీ చేస్తుంది. డిపో పేరు, బండి నంబరు లాంటి సన్న అక్షరాలు ముందు పోతాయి. పారదర్శకంగా వదిలిన చోటు నల్లగానో తెల్లగానో నిండిపోతుంది. డాక్యుమెంటుగా, అంటే ఫైలుగా పంపండి. పాడైన కాపీని గ్రూపులోంచి తీసేయండి, లేకపోతే అదే ట్యాగుతో అదీ దొరుకుతూనే ఉంటుంది.

ప్రశ్న: టెలిగ్రామ్ వదిలి డిస్కార్డ్ అనే చాట్ యాప్‌కి మారితే ఈ గొడవ తీరుతుందా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: కొంత. అక్కడి ఫోరమ్ ఛానల్లో (ఒక్కో విషయానికి విడి పోస్టు పెట్టే చోటు) ట్యాగులు ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు, కాబట్టి స్పెల్లింగు బాధ లేదు. ట్యాగు లేకుండా పోస్టు పడకుండా కట్టడి చేయొచ్చు. కానీ ఛానల్‌కి 20 ట్యాగులే, ఒక పోస్టుకి 5. మోడల్ పేర్లకి ఆ ఇరవై చాలవు. వాటిని పోస్టు శీర్షికలో రాసి, ట్యాగుల్ని ఫైలు రకానికీ సర్వీసుకీ ఉంచండి. మోడ్ చేసినతను మళ్లీ పంచొద్దన్న ఫైలుకైతే ఏ ట్యాగూ అక్కర్లేదు, అతని సొంత లింకు ఇస్తే సరి.

మోడరేటర్లు మాత్రమే వేయగలిగే ట్యాగు ఒకటి పెట్టుకోండి: ‘వేసి చూశాం’ అని. అది వేసేముందు బస్సుని రెండు పక్కలా తిప్పి చూడాలి. కొన్ని మోడల్స్‌లో రెండు పక్కలకీ ఒకే ముక్క వాడతారు. ఎడమ పక్క ‘పల్లెవెలుగు’ చక్కగానే కనిపిస్తుంది, కుడి పక్క అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది.