భర్తకు చిరునామా చెప్పేసిన కంపెనీని ఏం చేయాలి?

ప్రశ్న అడిగినవారు రాసినది క్లుప్తంగా ఇది: భర్త హింస భరించలేక అక్క వేరే ఊరికి వెళ్లి రహస్యంగా ఉంటోంది, ఆమె ఖాతాదారుగా ఉన్న ఒక కంపెనీ ఆమె కొత్త చిరునామాను ఆ భర్తకే తెలియజేసింది, నిలదీస్తే విచారం వ్యక్తం చేస్తూ ఒక మెయిల్ పంపి ఊరుకుంది, ఇప్పుడు కుటుంబం ఏం చేయాలి, కంపెనీ ఏం చేసి ఉండవలసింది?

నేను న్యాయవాదిని కాను. కోస్తాలోని ఒక పట్టణంలో చాలా ఏళ్లుగా ఆడవాళ్ల హాస్టల్ నడుపుతున్నాను. ఊరి పేరు ఎందుకు రాయడం లేదో కింద చదివాక మీకే బోధపడుతుంది. మా దగ్గర ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు ఎక్కువగా ఉన్నా, ఇంటి నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా గది అడిగినవాళ్లూ మా రిజిస్టరులో ఉన్నారు. వాళ్లను చూశాక నాకు ఏర్పడిన గట్టి అభిప్రాయం ఒకటుంది, దాన్ని మార్చుకునే కారణం ఇంతవరకు కనబడలేదు. కంపెనీలు తాళాలన్నీ ముక్కూ మొహం తెలియని దొంగను దృష్టిలో పెట్టుకునే వేస్తాయి. పుట్టిన తేదీ, తల్లి పేరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు అడిగి, అవి సరిపోగానే అవతల ఉన్నది అసలు మనిషేనని నమ్ముతాయి. కాపురం చేసినవాడికి అవన్నీ కంఠతా వచ్చు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు.

నేను చూసిన ఉదంతం చెబుతాను. ఒకావిడ చిన్న కొడుకుతో మా హాస్టల్లో చేరింది. మామూలుగా పిల్లలతో వచ్చేవారిని చేర్చుకోము కానీ, పై అంతస్తులో వంటమనిషి ఖాళీ చేసిన గది ఉంటే ఇచ్చాను. ఆమెకు, కొడుకుకు కలిపి భర్త పేరు మీద ఆరోగ్య బీమా పాలసీ ఉంది. పాలసీదారు అతనే అయినా ప్రీమియం మాత్రం ఆమె జీతంలోంచే పోయేది. ఊరు విడిచి వచ్చిన వెంటనే ఆమె ఆ కంపెనీకి మెయిల్ రాసి, తనకు కోర్టు రక్షణ ఉత్తర్వు ఉన్నదని, తన వివరాలేవీ పాలసీదారుకు తెలియనివ్వవద్దని, సందేశాలన్నీ తన కొత్త నంబరుకే పంపాలని కోరింది. వాళ్లు ఒక ఫిర్యాదు సంఖ్య వేసి, పరిశీలిస్తామని జవాబిచ్చారు. వానాకాలంలో పిల్లవాడికి డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే ఆసుపత్రిలో చేర్చి, క్యాష్‌లెస్ చికిత్సకు దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు అందిందన్న సందేశం ఆసుపత్రి పేరుతో సహా భర్త ఫోనుకు వెళ్లింది. అతను కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఒరిజినల్ బిల్లులు పోస్టులో రావాలి, మీ దగ్గర ఏ చిరునామా ఉందో ఒకసారి చెప్పండి అని మర్యాదగా అడిగాడు. అవతలివారు పాలసీ నంబరు, పుట్టిన తేదీ సరిచూసుకుని మా హాస్టల్ చిరునామాను గుమ్మం నంబరుతో సహా చదివి వినిపించారు.

పిల్లవాణ్ణి డిశ్చార్జి చేయించి తెచ్చిన మర్నాడు టిఫిన్ల వేళకు అతను గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో యాపిల్ పండ్ల సంచి, పిల్లవాడికి బొమ్మ కారు. తాగి తూలుతూ వచ్చి ఉంటే మా వాచ్‌మన్ లోపలికి అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. "నమస్కారం బాబాయ్, మా బాబుకి జ్వరం తగ్గిందా?" అని అడిగేసరికి ఆ ముసలాయన కరిగిపోయి, "అమ్మగారూ, బాబుగారి నాన్నగారు వచ్చారండీ" అని మేడ మీదికి వినబడేలా కేక వేశాడు.

"మీరెవరో నాకు తెలియదండీ. ఇక్కడ ఎవరుంటున్నారో బయటివారికి చెప్పే పద్ధతి మాకు లేదు" అన్నాను.

"నేను బయటివాణ్ణా మేడమ్? కంపెనీవాళ్లే చెప్పారు, చూడండి" అంటూ తన ఫోనులోని సందేశాన్ని నా కళ్ల ముందు పెట్టాడు.

తప్పు చేసి పట్టుబడినవాడి బెదురు ఆ ముఖంలో లేదు. భార్య ఎక్కడున్నదో తెలుసుకునే హక్కు తనకున్నదని ఒక పెద్ద సంస్థ తనకు ముద్ర వేసి ఇచ్చినట్టు నిలబడ్డాడు. నేను 112కు ఫోన్ చేశాను. వచ్చిన ఇద్దరు పోలీసుల్లో పెద్దాయన, "ఆలుమగల తగువు కదమ్మా, కూర్చుని మాట్లాడుకోండి" అన్నారు. ఆమె పై నుంచి రక్షణ ఉత్తర్వు నకలు పంపితే, అది వేరే జిల్లా కోర్టుదని తిప్పి ఇవ్వబోయారు. ఆయనతో వచ్చిన మహిళా కానిస్టేబుల్ దాన్ని తీసుకుని, నిలబడే చోటే మొత్తం చదివి, అతణ్ణి జీపు ఎక్కమన్నది. గృహహింస చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుందని 27వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. దాన్ని ఉల్లంఘిస్తే 31వ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా; పైగా అది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరం. ఆ ఉత్తర్వు నకళ్లు మీ అక్క సంచిలో ఒకటి, ఫోనులో ఒకటి, ఆమె ఉంటున్న ఇంటి యజమాని దగ్గర ఒకటి ఉండాలి. వాదించే సమయం లేనప్పుడు పనికొచ్చేది ఆ కాగితమే.

మధ్యాహ్నం భోజనాలకు ముందే ఆమెను, పిల్లవాణ్ణి నాకు తెలిసిన ఇంకొక చోటికి మార్చాము. ఆ తరువాత కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, జరిగినదానికి ఎంతో చింతిస్తున్నామని చెప్పి, క్షమాపణ లేఖ పంపడానికి ఆమె ప్రస్తుత చిరునామా అడిగింది. నేను పక్కనే ఉండి విన్నాను కాబట్టి నమ్మాను.

కంపెనీ ఏం చేసి ఉండవలసింది అన్న ప్రశ్నకు నా జవాబు చిన్నది. తప్పు తెలిసిన గంటలోనే ఆమెకు, ఆమె సురక్షితమని చెప్పిన నంబరుకు మాత్రమే, మనిషి ఫోన్ చేసి, ఏ వివరం, ఎప్పుడు, ఎవరికి వెళ్లిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆసుపత్రి పేరు ఒక్కటే తెలిసిందా, ఇంటి చిరునామా కూడా తెలిసిందా అన్నదాన్ని బట్టి ఆమె ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో నిర్ణయమవుతుంది. లాయర్లతో, పై అధికారులతో చర్చించి మెయిల్ సిద్ధం చేసేలోపు అతను బస్సు దిగి ఉంటాడు. రెండవది, ఇల్లు మారడానికి అయ్యే ఖర్చు, ముందుగా కట్టిన అద్దె నష్టం, పోయిన జీతం కంపెనీ అడగకుండానే భరించాలి. బ్రిటన్‌లో వ్యక్తిగత డేటా రక్షణను చూసే సమాచార కమిషనర్ కార్యాలయం 2023 సెప్టెంబరులో ఇటువంటి తప్పులు చేసిన ఏడు సంస్థలను అభిశంసించిన సంగతి బయటపెట్టింది. వాటిలో కొన్ని బాధితురాలి రహస్య చిరునామాను హింసించినవాడికే ఇచ్చాయి, ఒక కుటుంబాన్ని అప్పటికప్పుడు అత్యవసర వసతికి తరలించవలసి వచ్చింది.

ఇది అరుదైన సంఘటన, ఊహించలేకపోయాము అని కంపెనీవారు చెబితే మాత్రం ఒప్పుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. లక్షలమంది ఖాతాదారులున్న సంస్థకు వీరు ఊహకందని మనుషులు ఎలా అవుతారు? పాఠం కూడా కొత్తది కాదు. 2010 ఫిబ్రవరిలో గూగుల్ తన జీమెయిల్‌లో 'బజ్' అనే సామాజిక మాధ్యమ సేవను మొదలుపెట్టి, ఎవరితో ఎక్కువగా ఉత్తరాలు నడుస్తున్నాయో వారందరినీ అడగకుండానే పరస్పరం కలిపేసినప్పుడు, తనను హింసించిన మాజీ భర్తకు తన వివరాలు తెరిచిపెట్టారని ఒక అమెరికన్ మహిళ ఆగ్రహంతో రాసింది. ఎక్కువగా ఉత్తరాలు రాసేవాడు ఆప్తుడే అయి ఉంటాడని ఆ ఇంజనీర్లు అనుకున్నారు, పాలసీదారు అయినవాడు కుటుంబ శ్రేయోభిలాషే అయి ఉంటాడని మా బీమా కంపెనీ అనుకుంది. గూగుల్ కొద్ది రోజుల్లోనే ఆ పద్ధతి మార్చుకుంది. 2011లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 20 ఏళ్లపాటు బయటివారితో గోప్యతా తనిఖీలు చేయించుకోవాలని షరతు పెట్టింది. బజ్ మీద పడిన దావా పరిష్కారంగా గూగుల్ కట్టిన 85 లక్షల డాలర్లలో ఎక్కువ భాగం గోప్యత మీద పనిచేసే సంస్థలకే వెళ్లింది.

మన దగ్గర ఆ మాత్రం కూడా లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు గాని అమలులోకి రావు. డేటా బయటపడితే ఆ మనిషికి జాప్యం లేకుండా తెలియజేయాలని, డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలని అందులో ఉండటం మంచిదే. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయవచ్చు. కానీ ఆ సొమ్మంతా కేంద్ర ఖజానాకు వెళుతుంది, రాత్రికి రాత్రి గది వెతుక్కున్న ఆడదానికి అందులో నయాపైసా రాదు. నష్టపరిహారం అడగడానికి ఆధారంగా ఉన్న ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను కూడా ఇదే కొత్త చట్టం తీసివేస్తోంది. ఇది రాసినవారిలో హాస్టల్ గేటు దగ్గర నిలబడినవారు ఒక్కరైనా ఉండి ఉండరని నా నమ్మకం.

ఇక మీరు చేయవలసినది. అక్క ఉన్న చోటు మారే వరకు కంపెనీతో తగవు పెట్టుకోవద్దు. మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రానికో, వసతికో దారి చూపిస్తారు. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణ అధికారిని కలిసి, ఉత్తర్వు ఇంకా తీసుకోకపోతే గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద దరఖాస్తు వేయండి. ప్రమాదం దగ్గరలో ఉంటే అవతలి పక్షాన్ని వినకుండానే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. ఇక్కడ చాలామంది చూసుకోని ప్రమాదం ఒకటుంది: దరఖాస్తులో రాసిన చిరునామా నోటీసుతోపాటు భర్త చేతికే వెళుతుంది. లాయరు కార్యాలయం చిరునామా రాయించండి, అక్క అసలు ఉన్న చోటు ఏ కాగితం మీదా పెట్టనివ్వకండి. 2006 నాటి గృహహింస నియమాల్లో, బాధితురాలు కోరితే ఆమె తమ దగ్గర ఉన్న సంగతి ఎదుటివారికి తెలియనివ్వకూడదని ఆశ్రయ గృహాలకు విధించారు. ఆ బాధ్యత ఒక్క ఆశ్రయ గృహంతో ఎందుకు ఆగిపోవాలో నాకు అర్థం కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 1991లోనే ఇటువంటి స్త్రీలకు ప్రభుత్వమే ఒక ప్రత్యామ్నాయ చిరునామా ఇచ్చి, ఉత్తరాలు అక్కడి నుంచి చేరవేసే ఏర్పాటు చేసింది. మన దగ్గర గ్యాసు బుకింగుకు, బ్యాంకుకు, చివరికి బట్టల దుకాణంలో బిల్లుకు కూడా అసలు చిరునామానో, అసలు నంబరో అడుగుతారు.

చోటు మారాక కంపెనీకి రాయండి. ఏ వివరం, ఏ తేదీన, ఎవరు అడిగితే, ఎవరు చెప్పారో రాతపూర్వకంగా కోరండి. ఆ ఫోన్ సంభాషణ రికార్డింగును చెరిపివేయకుండా భద్రపరచమని అదే లేఖలో డిమాండ్ చేయండి, ఎందుకంటే కొంతకాలం గడిచాక అది దొరకదని చెప్పడం వాళ్లకు చాలా సులువు. అక్క ముందుగానే హెచ్చరించి ఉంటే ఆ పాత మెయిల్ బంగారంతో సమానం: ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష ఉన్నా, నష్టం కలుగుతుందని తెలిసే వివరాలు ఇచ్చారని చూపించవలసి ఉంటుంది. హెచ్చరించలేదా, ఈరోజే హెచ్చరించండి, రెండవసారి జరిగితే తెలియదనే మాట చెల్లదు. మీ కంపెనీ కూడా బీమాదే అయితే దాని ఫిర్యాదుల అధికారికి రాసి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోనే ఉన్నాయి. క్షమాపణగా డిస్కౌంటు కూపన్లు ఇస్తామంటే తీసుకోకండి. వాటితోపాటు ఇక ఫిర్యాదు లేదన్న సంతకం అడుగుతారు.

అక్కకు పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే, బడి యాప్‌లో ఇప్పటికీ తండ్రి నంబరే ఉందేమో చూడండి, ఎందుకంటే హాజరు, ఫీజు సందేశాలతోపాటు బడి బస్సు ఎక్కడుందో కూడా ఆ నంబరుకే వెళుతుంది. ప్రధానోపాధ్యాయుణ్ణి నేరుగా కలిసి, ఉత్తర్వు నకలు ఇచ్చి, ఆ నంబరు తీయించి, సాయంత్రం పిల్లలను ఎవరికి అప్పగించవచ్చో పేర్లతో రాయించండి. తండ్రిని కాదనే అధికారం తమకు లేదని బడివారు అంటే, గృహహింస చట్టంలోని 21వ సెక్షన్ కింద పిల్లల తాత్కాలిక సంరక్షణ ఉత్తర్వును మేజిస్ట్రేటును అడగవచ్చు.