హాట్ టబ్: నీళ్లు మార్చేముందు పైపుల సంగతి చూడండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి అమెరికా వచ్చి అద్దె ఇంట్లో దిగిన పిల్లలు నన్ను అడిగే సందేహాల్లో ఇదొకటి. "అక్కా, పెరట్లో హాట్ టబ్, అదే కూర్చునే వేడినీళ్ల తొట్టి, ఉంది. మూడు నెలలకోసారి నీళ్లు మార్చి, టబ్ శుభ్రం చేయాలని ఓనర్ చెప్పాడు. మన బరంపురం దగ్గరి తప్తపాని వేడినీటి కుండాన్ని ఎవరైనా మందులేసి కడుగుతున్నారా? దీనికెందుకింత హడావిడి?"

తప్తపానిలో గంధకం నీళ్లు భూమిలోంచి ఊరుతూనే ఉంటాయి, పాతవి పోతూనే ఉంటాయి. మీ పెరట్లోవి నిలవ నీళ్లు. మూడు నాలుగు వందల గాలన్లను వేడిచేసి, అవే పైపుల్లో తిప్పి, అందులోనే రోజూ కూర్చుంటారు. ఆ గోరువెచ్చని వేడి మనకెంత హాయో, లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియాకూ అంతే హాయి. జెట్ల నుంచి, అంటే నీళ్లు చిమ్మే రంధ్రాల నుంచి, లేచే సన్నని తుంపరతో అది ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా రావచ్చు. సూడోమోనాస్ అని ఇంకొకటుంది. దానివల్ల ఒంటిమీద దురద పొక్కులు లేస్తాయి, ముఖ్యంగా ఈత బట్టలు కప్పిన చోట.

టబ్‌ను తళతళలాడేలా తుడిచి, కొత్త నీళ్లు పట్టి, రెండు రోజులకే మసకబారాయని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. అసలు మురికి పైపుల్లో ఉంటుంది. జెట్లకు వెళ్లే గొట్టాల లోపలి గోడలకు సూక్ష్మజీవులు జిగురు పొర కట్టుకుంటాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు. మామూలుగా వేసే క్లోరిన్ ఆ పొర అడుగుదాకా సరిగ్గా చేరదు. అందుకే పాత నీళ్లు తీసేయకముందే, వాటిలోనే లైన్ క్లీనర్, అంటే పైపులు కడిగే మందు, పోయాలి. స్పా పర్జ్, లైన్ ఫ్లష్ అనే పేర్లతో దొరుకుతుంది. జెట్లన్నీ తెరిచి, సీసా మీద రాసినంతసేపు పంపు నడపండి. ఫిల్టర్ ఉంచాలా తీయాలా అన్నదీ ఆ సీసా మీదే ఉంటుంది. గోధుమ రంగు నురుగు, పొరలు పైకి తేలితే కంగారు పడకండి. బయటికి రావాల్సింది అదే. మొత్తం పనిలో ఒక్క మెట్టుకే ఓపిక ఉందంటారా, ఇది చేయండి.

తర్వాత టబ్ కరెంటు బ్రేకర్ ఆపి నీళ్లు వదలండి. నీళ్లు లేకుండా హీటర్ నడిస్తే కాలిపోతుంది. మందు కలిసిన ఆ నీళ్లు వీధిలోని వాననీటి కాలువలోకి పోకూడదు, అది నేరుగా వాగులోకి వెళుతుంది. సిటీ నిబంధన చూసుకుని ఇంటి మురుగు లైన్‌లోకి వదలడం మేలు. గడ్డకట్టే చలిలో ఈ పని పెట్టుకోకండి, లోపల మిగిలిన నీళ్లు మంచై పైపులు పగిలిపోతాయి.

ఖాళీ టబ్‌కు మెత్తని గుడ్డ, నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్ చాలు. గిన్నెల సబ్బు వాడితే తర్వాత నురుగు ఆగదు. పీచుతో రుద్దితే గీతలు పడతాయి. వెనిగర్, బ్లీచ్ మాత్రం ఎప్పుడూ కలవకూడదు, విషవాయువు పుడుతుంది. మూత అడుగుభాగాన్ని అందరూ మర్చిపోతారు, ఆవిరి అంతా పట్టేది అక్కడే. ఫిల్టర్లను ఫిల్టర్ క్లీనర్‌లో నానబెట్టి, మడతల మధ్య హోస్ పెట్టి కడగండి.

కొత్త నీళ్లు పట్టేటప్పుడు హోస్‌ను ఫిల్టర్ గూట్లో పెడితే పైపుల్లో గాలి చిక్కుకోదు. నిండాక బ్రేకర్ వేసి, లేబుల్ ప్రకారం మొదటి మోతాదు క్లోరిన్ గట్టిగా వేసి, జెట్లు తిప్పండి. నీళ్లు పరీక్షించి, క్లోరిన్ మోతాదు తగ్గిందని చూశాకే ఎవరైనా టబ్‌లో దిగాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క ప్రకారం క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల పాళ్లలో 3), క్లోరిన్ బదులు బ్రోమిన్ వాడితే కనీసం 4, నీళ్ల ఆమ్ల-క్షార కొలత పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి.

"తుఫాను వెళ్లాక మన బావుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు కదా, అది వేస్తే చాలదా?" అని కూడా అడుగుతారు. బావికి సరే. టబ్‌లో దాని సున్నం అడుగున పేరుకుని హీటర్‌కు గార పడుతుంది. పైగా రెండు రకాల క్లోరిన్ మందులు ఒకే డబ్బాలోనో, ఒకే గరిటెతోనో కలిపితే మంటలు లేవొచ్చు. ఏ మందైనా నీళ్లలోకి వేయాలి గానీ, మందు మీద నీళ్లు పోయకూడదు.

మనవాళ్ల కోసం ఇంకో మాట. దీపావళి తలంటు నూనెతో, సున్నిపిండితో టబ్‌లో దిగకండి. నూనె క్లోరిన్‌ను తినేస్తుంది, అంచున జిడ్డు గీత కడుతుంది. ముందు షవర్ చేయాల్సిందే. గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే దిగాలి, ఐదేళ్లలోపు పిల్లలకు వద్దు.

మళ్లీ ఎప్పుడు మార్చాలన్నదానికి ఒక లెక్క వాడతారు. గాలన్లను మూడుతో, తర్వాత రోజూ దిగే మనుషులతో భాగించాలి. 400 గాలన్లలో ఇద్దరు రోజూ దిగితే సుమారు 66 రోజులు. అంటే ఓనర్ చెప్పిన మూడు నెలలకన్నా ముందే. నలుగురు రూమ్మేట్లు ఉంటే నెల దాటగానే.

ఇల్లు కొత్తగా తీసుకుంటుంటే పాత అద్దెవాళ్లు ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడగండి. జవాబు రాకపోతే కొత్తది కొనమని ఓనర్‌కు ఈమెయిల్ పెట్టండి. టబ్ రిపేరు ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో చూసుకున్నాకే సంతకం చేయండి.