మధ్యాహ్నం పన్నెండు దాటితే మన ఊరు నిద్రపోతుంది

ప్రశ్న: అక్కా, మాది చీపురుపల్లి. అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి ఏడాదిన్నర అయింది. క్రిస్మస్ సెలవులకు పిల్లలిద్దరితో ఊరెళ్లాం. ఇక్కడ స్కూలు తెరిచేస్తారని సంక్రాంతి చూడకుండానే వచ్చేశాం. ఆయన ఆఫీసుకీ పిల్లలు స్కూలుకీ వెళ్లాక ఇల్లు చూస్తే ఏడుపొస్తోంది. వంట కూడా చేయబుద్ధి కావడం లేదు. అందరికీ ఇలాగే ఉంటుందా?

జవాబు: చెల్లీ, నీ ప్రశ్న నేను శ్రీకాకుళంలో అమ్మ దగ్గర ఉండగా చదివాను. ముక్కనుమ అయిపోయింది. అన్నయ్య వాళ్లు నిన్న రాత్రి ఆమదాలవలసలో రైలెక్కారు. అమ్మ పండక్కి దించిన పెద్ద గిన్నెలన్నీ తోమి మళ్లీ అటక ఎక్కిస్తోంది. నువ్వు చెప్పిన నిశ్శబ్దం ఈ ఇంట్లో కూడా ఉంది.

అందరికీ ఉంటుంది. మా రోజుల్లో ఇంకా ఎక్కువ ఉండేది. నేను న్యూజెర్సీ వెళ్లిన 2008లో హెచ్-4 వీసా మీద, అంటే హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, ఉద్యోగం చేసే వీలే లేదు. 2015లో కొందరికి ఆ వీలు వచ్చింది. నీకు వర్తిస్తుందో లేదో ప్రభుత్వ వెబ్‌సైట్లో చూసుకో. ఊరికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు గీకి, ఆ నంబరంతా నొక్కాలి. మీకిప్పుడు వీడియో కాల్ చేతిలోనే ఉంది, చాలా నయం. కానీ ఆ ఫోనుతోనే నేను పెద్ద తప్పు చేశాను, అది చెప్తాను.

మొదటిసారి ఊరెళ్లి తిరిగొచ్చింది 2011 జనవరిలో. మావాడికి ఆరేళ్లు. నేను మూడు వారాలు పెద్ద సూట్‌కేసు తెరవలేదు. తెరిస్తే ఇంటి వాసన పోతుందని భయం. తీరా తీసేసరికి జంతికలు నూనె కంపు కొట్టాయి, అమ్మ కష్టమంతా చెత్తబుట్టలో పడింది. వంటింటి గోడ గడియారం కూడా ఇండియా టైముకే పెట్టుకున్నాను. ఎనిమిదిన్నరకు స్కూలు బస్సు కదిలితే ఊళ్లో రాత్రి ఏడు. అప్పుడు మొదలుపెట్టి అమ్మ నిద్రకు తూలేదాకా మాట్లాడేదాన్ని. ఆ తర్వాత సోఫాలో పడుకునేదాన్ని. మావాడు ఇంటికొచ్చేసరికి వంట ఉండేది కాదు. జెట్‌లాగ్‌తో వాడూ సాయంత్రం నాలుక్కే నిద్రపోయి, తెల్లవారుజామున మూడింటికి లేచి ఆకలనేవాడు. పిల్లల్ని ఆ వేళ మాత్రం పడుకోనివ్వకు. వాళ్ల నిద్ర దారిలో పడితే సగం ఇల్లు దారిలో పడుతుంది.

ఆ నెలలో మంచు విపరీతంగా పడింది. ఒకరోజు బస్సు రాలేదని వాణ్ణి నడిపించుకుంటూ స్కూలుకు తీసుకెళ్లాను. తలుపులు వేసున్నాయి. మంచు వల్ల స్కూలు రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తామని పొద్దున్నే మెసేజ్ పంపారట. అది వెళ్లింది మావారి ఫోనుకి. ఆయన అప్పటికే రైల్లో ఉన్నారు. వాడు చలికి ఏడుస్తున్నాడు, నాకు ఎవర్ని పిలవాలో తెలీదు. రెండేళ్లుగా మా పక్క అపార్ట్‌మెంట్లో ఉన్న గుజరాతీ ఆవిడ కారాపి మమ్మల్ని ఎక్కించుకుంది. నా ఇంగ్లిష్ బాగోదని రెండేళ్లూ ఆవిణ్ణి తప్పించుకు తిరిగాను. ఆ రోజు ఆవిడ వంటింట్లో టీ తాగుతూ ఏడ్చేశాను. ఆవిడ ఇంగ్లిష్ కూడా నాలాగే ఉంది.

అందుకే స్కూల్లో నీ నంబరు కూడా ఇవ్వు. ఈ వారంలోనే ఇవ్వు.

ఇప్పుడు గడియారం సంగతి. చలికాలంలో మనకూ ఊరికీ పదిన్నర గంటల తేడా. నీకు మధ్యాహ్నం పన్నెండంటే చీపురుపల్లిలో రాత్రి పదిన్నర, అందరూ పడుకునే వేళ. మళ్లీ వాళ్లు లేచేసరికి నీకు రాత్రి ఏడున్నర. మధ్యలో ఏడున్నర గంటలు మన ఊరు నీకు దొరకదు. పైగా జనవరిలో అయిదు, అయిదున్నరకే చీకటి. ఏడుపంతా ఆ గంటల్లోనే వస్తుంది, కావాలంటే గమనించుకో. ఆ వేళకు నీ దగ్గర్లో ఒక మనిషి ఉండాలి. తెలుగువాళ్లే కానక్కర్లేదు. వారాంతం తెలుగు కలయికలకు పట్టుచీర కట్టుకుని వెళ్లి, సోమవారం మళ్లీ ఒంటరిగా కూర్చునేవాళ్లను చాలామందిని చూశాను. మంగళవారం రెండు గంటలకు తలుపు తడితే తీసే మనిషి కావాలి. నేను ఆవిడతో కలిసి లైబ్రరీకి వెళ్లాను, ఆవిడ పక్కన కూర్చుంటే డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు మంచులో కూడా హైవే మీద ఒక్కదాన్నే వెళ్తాను.

అమ్మకు ఫోన్ చేయొద్దనను. ఒక టైము పెట్టుకుని చెయ్యి. మొన్న కనుమ నాడు మినుములు రుబ్బుతూ మా అమ్మ అంది, “అప్పుడు నువ్వు ఫోన్ చేస్తావని రాత్రి ఏడయితే గుమ్మం దాటీదాన్ని కాదే. గుడికి ఎల్లడం కూడా మానీసినాను.” పదిహేనేళ్లు నాకు ఆ మాట చెప్పలేదు. నేను ఒంటరినని ఆమెను కూడా ఇంట్లో కూర్చోబెట్టేశాను.

ఈ పొద్దున్న అమ్మ గిన్నెలు సర్దడం కాగానే మిగిలిన అరిసెలు డబ్బాలో వేసుకుని ఎదురింటికి వెళ్లింది. గంటయినా రాలేదు.

నువ్వు తెచ్చుకున్నవి ఇంకా ఉన్నాయా? పాడవకముందే ఒక నాలుగు పట్టుకుని పక్కింటికి వెళ్లు, మధ్యాహ్నం రెండింటికి. ఎవరు తలుపు తీశారో నాకు రాయి.