మాంద్యం మొదట కనిపించేది బాకీల పుస్తకంలో

“సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, ఇంటి రుణానికి వాయిదాలు కడుతున్నాను. మాంద్యం రాబోతోందని మా వంటివారు ముందుగా ఎలా గుర్తించాలి? అమెరికా బాండ్ల వడ్డీలు తలకిందులైతే మాంద్యం తప్పదంటున్నారు, నమ్మవచ్చా?” అని మీరు అడిగారు. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. విశాఖపట్నం ఆటోనగర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న పరిశ్రమలో పంతొమ్మిదేళ్లు లెక్కలు చూశాను. ఆ అనుభవంతో గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: మాంద్యం అన్నింటికన్నా ముందు బాకీల పుస్తకంలో కనిపిస్తుంది. సరుకు తీసుకున్నవారు ఎన్ని రోజులకు డబ్బు చెల్లిస్తున్నారన్న లెక్క ముందు మిగిలిన సూచికలన్నీ ఆలస్యంగా మేలుకొనేవే.

ఈ మాట నాకు 2008లో తెలిసివచ్చింది. అప్పట్లో మా పెట్టెలు కొనేవారిలో సగానికి పైగా రొయ్యలను శుద్ధిచేసి ఎగుమతి చేసే ప్లాంట్లవారే. గడ్డకట్టించిన రొయ్యను చిన్న డబ్బాలలో పెట్టి, అటువంటి పది డబ్బాలను ఒక పెద్ద పెట్టెలో సర్దుతారు. ఆ పెద్ద పెట్టెనే మాస్టర్ కార్టన్ అంటారు. అమెరికా వెళ్లే పెట్టె మీద అక్కడ కొనేవారి బ్రాండు పేరు, రొయ్య కౌంటు (ఒక పౌనుకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క), బరువు అచ్చువేసి ఉండాలి. ప్రతి బ్రాండుకూ వేరువేరు స్టీరియోలు, అంటే అచ్చు పలకలు, చేయించి, అచ్చు నమూనా వారికి చూపించి, సరేనన్నాక పని మొదలుపెట్టేవాళ్లం. ఆ సంవత్సరం జులై మొదటి వారంలో ఒక ప్లాంటు కొనుగోళ్ల మేనేజరు గారు ఫోను చేసి, ఈసారి అచ్చు లేకుండా ఉత్త పెట్టెలే పంపమని, స్టిక్కర్లు తామే అంటించుకుంటామని చెప్పారు. అచ్చు ఖర్చు కలిసివస్తుందని అలా అడిగారేమో అనుకుని నేను ఆర్డరు రాసుకున్నాను.

ఆ తరువాతి శనివారం పాత బాకీ చెక్కు కోసం స్వయంగా ఆ ప్లాంటుకు వెళ్లాను. షిఫ్టు మారే సమయానికి రొయ్యల తలలు తీసే ఆడవాళ్లను చుట్టుపక్కల పల్లెల నుంచి ఐదు వ్యాన్లలో తీసుకురావడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు గేటు దగ్గర రెండే వ్యాన్లున్నాయి. లోపల మేనేజరు గారు మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, నా చేతిలో చెక్కు పెట్టారు. దాని మీద తేదీ మూడు నెలల తరువాతిది. ఒప్పందం నలభై ఐదు రోజులు కదండీ అని నేను అంటే ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, “సరుకు కోల్డ్ స్టోరేజీ నిండా ఉందండీ. కొనేవాడెవడో తేలితే కదా, వాడి పేరు అచ్చు వేయించడానికి!” అన్నారు.

అచ్చు లేని పెట్టె అర్థం నాకు అప్పుడు తెలిసింది. అది పొదుపు కాదు, కొనేవారి పేరు తెలియని సరుకు గుర్తు. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని, చేతిలో ఉన్న జాబితా చూసుకుంటూ, అమ్మిన సరుకుకు డబ్బు రావడానికి సగటున ఎన్ని రోజులు పట్టిందో నెలవారీగా లెక్క వేశాను. జనవరిలో నలభై ఏడు, ఏప్రిల్‌లో యాభై నాలుగు, జూన్‌లో అరవై ఆరు. అమ్మకాలు మాత్రం కాగితం మీద ఏమీ తగ్గలేదు, మా బ్యాంకువారు చూసేదీ అమ్మకాలనే.

ఆ జులైలో దేశమంతా మాట్లాడుకున్నది మాంద్యం గురించి కాదు, ధరల గురించి. ముడి చమురు బ్యారెల్ 147 డాలర్లు దాటింది. టోకు ధరల పెరుగుదల ఆగస్టుకల్లా 12 శాతం మించింది. ధరలకు కళ్లెం వేయడానికి రిజర్వు బ్యాంకు జులై చివరలో రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను అప్పిచ్చే వడ్డీని, 9 శాతానికి పెంచింది. అంటే మా దగ్గర ఆర్డర్లు పలచబడుతున్న రోజుల్లోనే పైనున్నవారు గిరాకీ ఎక్కువై ప్రమాదం వస్తుందని వడ్డీలు పెంచుతున్నారు. అదే రేటును అక్టోబరు నుంచి వరుసగా తగ్గిస్తూ 2009 ఏప్రిల్‌కు 4.75 శాతానికి తెచ్చారు. అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ దివాలా 2008 సెప్టెంబరు 15న జరిగింది. అమెరికాలో మాంద్యం తేదీలు నిర్ణయించే ఆర్థికవేత్తల సంఘం, 2007 డిసెంబరులోనే మాంద్యం మొదలైందని ప్రకటించింది 2008 డిసెంబరు 1న, అంటే సరిగ్గా ఏడాది గడిచాక. మన దేశంలో అక్టోబరు నెల పారిశ్రామిక ఉత్పత్తి తగ్గిందన్న సంగతి కూడా డిసెంబరులోనే బయటపడింది. అన్ని పట్టికలు, అంతమంది నిపుణులు ఉన్నచోట తెలియనిది, ఒక ప్లాంటు గేటు దగ్గర వ్యాన్లు లెక్కపెట్టిన మనిషికి తెలిసింది.

అయితే తెలిసినవాణ్ణి చేయవలసిన పని చేయలేదు. మా యజమాని గారు అప్పుడే అట్టపెట్టెలకు వాడే ఇరవై టన్నుల క్రాఫ్ట్ కాగితానికి బయానా ఇచ్చి ఉన్నారు. ధర ఇంకా పెరుగుతుందన్నది ఆయన నమ్మకం. వయసులో పెద్దవారు, నాకు అన్నం పెట్టినవారు, ఆయన నిర్ణయం తప్పని నా లెక్క చూపించి ఎలా చెప్పాలో తెలియక ఆరు వారాలు ఊరుకున్నాను. క్రాఫ్ట్ కాగితం తయారీకి మిల్లులు వాడేసిన అట్టను, విదేశాల నుంచి తెప్పించేదాన్ని కూడా, ఉపయోగిస్తాయి. అమెరికాలో దుకాణాలు సరుకు తెప్పించడం తగ్గించాక ఆ పాత అట్టకు ప్రపంచమంతటా కొనేవారు లేకపోయారు, ఆ శీతాకాలంలో దాని ధర కుప్పకూలింది. దానితోపాటే క్రాఫ్ట్ ధరా పడిపోయింది, మా గోదాములో ఉన్నది మాత్రం పాత ధరకు కొన్న కాగితం. నవంబరులో రెండో షిఫ్టు ఆపేసి పదకొండు మందిని ఇంటికి పంపించాం. వారిలో పెట్టె మడతలకు గాట్లు కోసే స్లాటింగ్ యంత్రం మీద పనిచేసే ఒకాయన లెక్క తీసుకుంటూ, “ముందే తెలిస్తే మా అమ్మాయి పెళ్లి ఇంకో ఏడాది ఆపుకునేవాణ్ణి కదండీ, అప్పు చేసి మొన్ననే చేశాను” అన్నారు. ఆయనకు జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రశ్నకు ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ మాటే.

ఇక బాండ్ల సంగతి. మామూలుగా ఎక్కువ కాలపు బాండ్లకే వడ్డీ ఎక్కువ. అది తారుమారు కావడాన్నే తలకిందులు కావడం అంటారు. అమెరికాలో రెండేళ్ల బాండ్ల మీద వడ్డీ పదేళ్ల బాండ్ల వడ్డీ కన్నా 2022 జులై నుంచి 2024 సెప్టెంబరు దాకా ఎక్కువగానే నిలిచింది. ఆ రెండేళ్లలో అక్కడ మాంద్యం ప్రకటించలేదు. ఆ సూచిక మాట నమ్మి అప్పట్లో ఇల్లు కొనడం మానుకున్నవారు, ఉద్యోగం మారడానికి భయపడినవారు నాకు తెలుసు. షేరు మార్కెట్టూ అంతే. 2006 మే, జూన్ నెలల్లో సెన్సెక్స్ 12,600 నుంచి 9,000 దిగువకు జారింది, మాంద్యం మాత్రం రాలేదు. షేరును భయంతోనూ ఆశతోనూ అమ్ముతారు, కొంటారు. బాకీ ఎగవేయడం ఎవరికీ సరదా కాదు. చెక్కు మీద మూడు నెలల తరువాతి తేదీ వేసిన మనిషి తన పరువు కొంత వదులుకున్నాకే ఆ తేదీ వేస్తాడు, అందువల్ల ఆ సంకేతంలో అబద్ధం ఉండదు. 2020 వంటి విపత్తును ఈ లెక్క పట్టుకోలేదు, ఒప్పుకుంటాను. అది వ్యాపారంలో పుట్టినది కాదు.

ఇక్కడ ఒక బాధ చెప్పక తప్పదు. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవారు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, నలభై ఐదు రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ, ఇవ్వాలని కూడా ఉంది. నా పంతొమ్మిదేళ్లలో ఆ వడ్డీ అడిగిన చిన్న యజమానిని ఒక్కరినీ చూడలేదు, ఎందుకంటే అడిగిన మరుసటి రోజు ఆర్డరు పక్క పరిశ్రమకు వెళ్లిపోతుంది. 2024–25 మదింపు సంవత్సరం నుంచి, గడువులో చెల్లించని బాకీని అసలు చెల్లించేదాకా ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకునే వీలు తీసేశారు. ఇది నిజంగా పనికివచ్చే నిబంధన. ఇది వచ్చాక దీని నుంచి తప్పించుకోవడానికి ఒక పెద్ద కొనుగోలుదారు మా పాత యజమాని గారి కొడుకును చిన్న పరిశ్రమగా ఉన్న నమోదును రద్దు చేసుకోమని అడిగారు. పెద్దవారి వ్యాపారాలు చిన్నవారి డబ్బుతో వడ్డీ లేకుండా నడుస్తున్నంత కాలం మాంద్యం మొదటి దెబ్బ ఎప్పుడూ ఆటోనగర్ వంటి చోట్లే పడుతుంది.

మీ రంగంలో పెట్టెలు లేవు కాని బాకీలు ఉన్నాయి. మీ సంస్థ క్లయింట్లు బిల్లు అందిన ఎన్నో రోజుకు డబ్బు చెల్లిస్తున్నారో లెక్కల విభాగంలో ఎవరినైనా అడగండి. పెద్ద సంస్థ షేర్లు మార్కెట్లో ఉంటే కొన్ని సంస్థలు మూడు నెలలకొకసారి ఆ సంఖ్య బయటికే చెబుతాయి. ఏడాది ఒప్పందాలను క్లయింట్లు మూడు నెలల ఒప్పందాలుగా మార్చమంటున్నారా, కాంట్రాక్టు మీద పనిచేసేవారిని గడువు తీరాక కొనసాగిస్తున్నారా అన్నవీ గమనించండి. అచ్చు లేని పెట్టె మీ దగ్గర ఆ రూపంలో వస్తుంది. డబ్బు రావడానికి పట్టే రోజులు వరుసగా మూడు నెలలు పెరిగితే కొత్త అప్పు చేయకండి, ఆరు నెలల వాయిదాల డబ్బు పక్కన పెట్టండి, ఇంట్లో వారికి ఆ వారమే చెప్పండి. నాలా ఆరు వారాలు ఆగకండి.

పదవీ విరమణ చేసినా ప్రతి నెలా మొదటి తారీఖున నా స్థానంలోకి వచ్చిన అబ్బాయికి ఫోను చేసి ఆ సంఖ్య అడుగుతూనే ఉన్నాను. క్రితం నెల యాభై ఒకటి అన్నాడు, ఈ నెల యాభై మూడు.