ప్రొపెన్సిటీ స్కోరుతో మ్యాచింగ్ చేస్తే కేస్ షీట్ల అధ్యయనం రాండమైజ్డ్ ట్రయల్‌తో సమానమవుతుందా?

ఎండీ థీసిస్ కోసం పాత కేస్ షీట్ల నుంచి ఒక ఖరీదైన మందు పొందినవారిని, పొందనివారిని పోలుస్తున్నానని, ప్రొపెన్సిటీ స్కోరు మ్యాచింగ్ (స్కోరు దగ్గరగా ఉన్నవారిని జతలుగా కట్టి పోల్చడం) చేస్తే బయాస్ (రెండు గుంపులు మొదటి నుంచే వేరుగా ఉండడం వల్ల ఫలితంలో వచ్చే పక్షపాతం) పోయి అది రాండమైజ్డ్ ట్రయల్‌తో, అంటే మందు ఎవరికన్నది లాటరీలా నిర్ణయించే ప్రయోగంతో, సమానమవుతుందని గైడ్ గారు అన్నారని, అది నిజమేనా అని మీరు అడిగారు. బయాస్ తగ్గుతుంది, కానీ కేస్ షీటులో ఎక్కిన విషయాల మేరకే తగ్గుతుంది. నేను బయోస్టాటిస్టిక్స్‌లో పనిచేస్తాను. ఈ సంగతి నాకు చదువుకున్నప్పటి కంటే నేను స్వయంగా చేసిన తప్పుల వల్లనే బాగా బోధపడింది కనుక వాటినే చెబుతాను.

చికిత్సకు ముందు తెలిసిన వివరాలను బట్టి ఒక రోగికి ఆ చికిత్స అందే సంభావ్యత ఎంత అన్నదే ప్రొపెన్సిటీ స్కోరు. ఒకే స్కోరు ఉన్నవారిలో చికిత్స పొందినవారికీ పొందనివారికీ ఆ వివరాలు సగటున ఒకేలా ఉంటాయని పాల్ రోసెన్‌బామ్, డొనాల్డ్ రూబిన్ 1983లో బయోమెట్రికా పత్రికలో నిరూపించారు. వయసు, బిలిరుబిన్, సోడియం అంటూ ఇరవై కొలతలలో సరిపోలే మనిషిని వెతకడం అసాధ్యం; ఒక్క సంఖ్యలో సరిపోలే మనిషి దొరుకుతాడు. ఈ పద్ధతికి ఇంత ఆదరణ రావడానికి కారణం ఇదే.

కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాసుపత్రిలో లివర్ సిర్రోసిస్‌తో చేరిన రోగులకు ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) ఎక్కించడం వల్ల మరణాలు తగ్గాయా అన్న అధ్యయనానికి లెక్కలు నేను చేశాను. చేతికందిన కాలమ్స్ అన్నింటినీ స్కోరును అంచనా వేసే లాజిస్టిక్ రిగ్రెషన్ మోడల్‌లో పెట్టాను, సీ-స్టాటిస్టిక్ (మందు పొందినవారిని పొందనివారి నుంచి మోడల్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే సంఖ్య, గరిష్ఠం 1) 0.9 దాటింది, మోడల్ అద్భుతంగా ఉందని సంతోషించాను. తరువాత స్కోర్ల గ్రాఫు గీస్తే మందు పొందినవారంతా ఒక కొసన, పొందనివారంతా మరో కొసన పోగుపడి, మధ్యలో కలిసే భాగం సన్నగా మిగిలింది. అసలు ఆలోచిస్తే, నాణెం ఎగరవేసి సగం మందికి మందు ఇచ్చే ట్రయల్‌లో ప్రతి రోగి స్కోరూ 0.5 మాత్రమే, సీ-స్టాటిస్టిక్ కూడా దాదాపు అంతే. అది 0.9 దాటిందంటే ఈ రెండు గుంపులలో పోల్చదగిన మనుషులు తక్కువని అర్థం. మ్యాచింగ్ చేసేసరికి మందు పొందినవారిలో చాలామంది జత దొరకక రాలిపోయారు. మిగిలిన ఫలితం వైద్యులు ఇద్దామా వద్దా అని ఊగిసలాడిన రోగులకే వర్తిస్తుంది తప్ప అందరికీ కాదు.

రెండవ తప్పు ఇంకా సిగ్గుపడవలసినది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌కు మొదటి మూడు రోజులలో వచ్చిన గరిష్ఠ విలువను తీసుకున్నాను, కానీ చాలామందికి ఆల్బుమిన్ రెండవ రోజునే మొదలైంది. అంటే మందు పడిన తరువాతి విలువను మందుకు ముందటి వివరంగా వాడి, అది చేసిన మేలునో కీడునో నా చేతులతో నేనే కొంత చెరిపివేశాను. అంతేకాక, చేరిన రాత్రే చనిపోయినవారు ఆల్బుమిన్ అందుకునే అవకాశమే లేక "పొందనివారు" అనే గుంపులో చేరి, మందు మేలు చేసినట్టు కనిపించేలా చేశారు. ఈ చివరి లోపాన్ని ఎంత మంచి స్కోరైనా సరిదిద్దలేదు. చివరకు చేరిన 48 గంటలకు బతికి ఉన్నవారిని మాత్రమే తీసుకుని, అప్పటికి ఎక్కించారా లేదా అన్నదాన్ని బట్టి విభజించి, అక్కడి నుంచి రోజులు లెక్కించి, మిగతా కొలతలన్నీ చేరిన సమయానివే వాడితే, అంతకుముందు కనిపించిన మేలులో చాలా భాగం కరిగిపోయింది.

అయినా అసలు చిక్కు అక్కడ లేదు. ఆల్బుమిన్ ఎవరికి ఇస్తారని ఒక సీనియర్ వైద్యుడిని అడిగితే, "బయట మందుల షాపులో సీసా కొని తెమ్మని చీటీ రాస్తాం, తెచ్చినవారికి ఎక్కిస్తాం" అన్నారు. నా డేటాలో ఆరోగ్యశ్రీ, బీమా, నగదు అనే కాలమ్ ఉంది గానీ, ఆ రాత్రి ఆ కుటుంబం అప్పు పుట్టించగలిగిందా అన్న కాలమ్ లేదు. సీసా తేగలిగిన ఇంటివారే రోగిని త్వరగా ఆసుపత్రికి తెస్తారు, డిశ్చార్జి తరువాత మళ్లీ చూపిస్తారు. మంచం దగ్గర నిలబడి మనిషి వాలకం చూసి వైద్యుడు వేసుకునే అంచనా కూడా ఏ కాగితంలోనూ ఉండదు.

ఇది మన దగ్గరి రికార్డులకే పరిమితమైన లోపం కాదు. 1996లో జామా పత్రికలో కానర్స్ బృందం అమెరికాలోని అయిదు బోధనాసుపత్రులలో తీవ్ర స్థితిలో ఉన్న 5,735 మంది రోగులను పరిశీలించి, గుండె కుడి భాగంలోకి కాథెటర్ వేసిన 2,184 మందిని ప్రొపెన్సిటీ స్కోరుతో మిగతావారితో పోల్చింది. 30 రోజులలో మరణించే ఆడ్స్ నిష్పత్తి కాథెటర్ వేసినవారిలో 1.24 అని, అంటే వారికే మరణావకాశం ఎక్కువని, తేలింది. తరువాత బ్రిటన్‌లో 65 ఐసీయూలలో 1,041 మందితో జరిగి 2005లో వెలువడిన రాండమైజ్డ్ ట్రయల్‌లో మాత్రం మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రోగులూ కాలమూ వేరు కనుక రెండింటినీ నేరుగా తూచలేము గానీ, కాగితానికి ఎక్కని తీవ్రత ఉన్నవారికే కాథెటర్ ఎక్కువగా వేసి ఉంటారన్నది నా అనుమానం. ఆ బృందం అప్పట్లో కొలవగలిగినదంతా శ్రద్ధగానే కొలిచింది మరి.

సాంకేతిక విషయాలు క్లుప్తంగా చెబుతాను. స్కోరును లాజిట్‌గా (స్కోరుకూ, 1 లోంచి స్కోరు తీసివేయగా మిగిలినదానికీ ఉన్న నిష్పత్తి లాగరిథంగా) మార్చి, దాని ప్రామాణిక విచలనంలో 0.2 వంతును కాలిపర్‌గా, అంటే జతలో ఒప్పుకునే గరిష్ఠ తేడాగా, పెట్టుకోవడం సాధారణ పద్ధతి. జతలు కుదిరాక సమతుల్యతను పీ-విలువతో చూడకండి, ఎందుకంటే రోగుల సంఖ్య తగ్గితే పీ-విలువ దానంతటదే పెరుగుతుంది. ప్రామాణీకరించిన తేడా (రెండు గుంపుల సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగించినది) ప్రతి అంశానికీ 0.1 లోపు ఉందా అని చూడండి. కనిపించని కారణం ఎంత బలంగా ఉంటే మీ ఫలితం చెల్లదో చెప్పే ఈ-వాల్యూను కూడా ఇవ్వండి: రిస్క్ నిష్పత్తి 1.5 అయితే అది సుమారు 2.37, అంటే ఆ దాగిన కారణానికి మందుతోనూ ఫలితంతోనూ కనీసం అంతటి సంబంధం ఉంటేనే మీరు చూసిన 1.5 పూర్తిగా దానివల్లనే వచ్చిందని అనగలం.

మీ మందు ఏ రోజు, ఏ గంటకు మొదలైందో కేస్ షీటులో ఉందా? దానిని రోగి కుటుంబం కొనుక్కోవాలా, ఆసుపత్రే ఇస్తుందా? ఈ రెండింటికీ జవాబు రాస్తే, మ్యాచింగ్ మీకు అక్కరకు వస్తుందో లేదో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.