ముందు అందరికీ సంతకం, ఆ తర్వాత అవసరమున్నవాళ్ళకి ఎన్‌క్రిప్షన్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది పాతికమంది పనిచేసే ఆడిట్ ఆఫీసు. మీరు జీతాల లెక్కలు చూసిపెట్టే ఒక జర్మన్ క్లయింట్ ఇకమీదట ఫైళ్ళన్నీ ఎన్‌క్రిప్ట్ చేసిన (అందుకునేవాళ్ళు తప్ప ఇంకెవరూ చదవలేకుండా తాళం వేసిన) మెయిల్‌లోనే పంపమన్నారు. మెయిల్‌కి డిజిటల్ సంతకం (పంపింది ఎవరో రుజువు చేసేది), ఎన్‌క్రిప్షన్ పెట్టే రెండు పద్ధతుల్లో పీజీపీ వాడాలా, ఎస్/మైమ్ వాడాలా, రిటర్నులు వేయడానికి వాడే డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ దీనికి సరిపోతుందా, స్టాఫ్ ఒప్పుకుంటారా అన్నవి మీ ప్రశ్నలు.

నేను హైదరాబాద్‌లో ఒక పేరోల్ కంపెనీలో సిస్టమ్స్ పని చూస్తాను. మా దగ్గర కూడా ఇది విదేశీ క్లయింట్ అడగడంతోనే మొదలైంది. అందుకే మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది.

మీ ఆఫీసుకి ఎస్/మైమ్ తీసుకోండి. అవుట్‌లుక్‌లోనూ, ఐఫోన్ మెయిల్‌లోనూ, థండర్‌బర్డ్‌లోనూ అది ముందే ఉంటుంది, కొత్త సాఫ్ట్‌వేర్ వేయక్కర్లేదు. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేసిన పీజీపీ కూడా గట్టిదే, దాని మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ ఎవరి కీ (తాళం వేయడానికీ, సంతకం సరిచూడడానికీ వాడే కోడ్) నిజంగా ఎవరిదో ప్రతి మనిషీ స్వయంగా సరిచూసుకోవాలి. అకౌంట్స్ స్టాఫ్‌తో నెలాఖరు ఒత్తిడిలో ఆ పని చేయించలేం. ఎస్/మైమ్‌లో ఆ పూచీ సర్టిఫికెట్ (ఈ కీ ఫలానావాళ్ళదని చెప్పే డిజిటల్ పత్రం) ఇచ్చే సంస్థది. ఎప్పుడైనా అవతలివాళ్ళ దగ్గర పీజీపీ మాత్రమే ఉంటే ఒక కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ పెట్టుకోండి. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ దానిలోనే ఉంది. కీ వేలిముద్రలో (ఆ కీని గుర్తుపట్టే కోడ్‌లో) ఉండే 40 అక్షరాలూ ఫోన్‌లో చదివి సరిచూసుకుంటే చాలు.

డీఎస్‌సీ టోకెన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్న మా డైరెక్టర్ గారు కూడా అడిగారు. "డబ్బు పెట్టి కొన్న సంతకం ఉండగా ఇంకొకటి ఎందుకు?" అన్నారు. ఐటీ చట్టం 2000 కింద ఆ టోకెన్ సంతకానికి విలువ ఉన్న మాట నిజం. కానీ దాని మూల సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లకి హామీగా నిలిచేది) మన ప్రభుత్వంలో డిజిటల్ సర్టిఫికెట్లని నియంత్రించే సీసీఏది. థండర్‌బర్డ్ వెనకున్న మోజిల్లా సంస్థ నమ్మే మూల సర్టిఫికెట్ల జాబితాలో అది లేదు. జర్మనీలో థండర్‌బర్డ్ వాడే మనిషికి మీ సంతకం "నమ్మదగనిది" అని కనిపిస్తుంది. రెండోది, టోకెన్‌లో పుట్టిన ప్రైవేట్ కీ (సంతకం చేసే, తాళం తీసే రహస్య కోడ్) బయటికి రాదు. సంతకానికి అది మంచి గుణమే, ఎన్‌క్రిప్షన్‌కి మాత్రం ప్రమాదం. టోకెన్ పోయినా, పాడైనా ఆ కీతో ఎన్‌క్రిప్ట్ అయి వచ్చిన పాత మెయిళ్ళన్నీ శాశ్వతంగా మూతబడతాయి. మూడోది మన అలవాటు. చాలా ఆఫీసుల్లో సార్ టోకెన్, దాని పిన్ అకౌంటెంట్ డ్రాయర్‌లోనే ఉంటాయి. ప్రైవేట్ కీ తన అదుపులో ఉంచుకోవాల్సిన బాధ్యత అది ఎవరి పేరున ఉందో వాళ్ళదేనని ఐటీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. రిటర్నుల దగ్గర జరుగుతున్న ఈ పద్ధతిని మెయిల్‌లోకి కూడా తెస్తే సంతకానికి అర్థమే ఉండదు. అందుకని మెయిల్‌కి వేరే ఎస్/మైమ్ సర్టిఫికెట్లు తీసుకోండి. కాలపరిమితి ఎంతపెట్టినా రెండేళ్ళ పైచిలుకు మించదు కాబట్టి ఏ సర్టిఫికెట్ ఎప్పుడు ముగుస్తుందో మొదటిరోజు నుంచే ఒక ఎక్సెల్ షీట్‌లో రాసి పెట్టుకోండి. పేరోల్ టీమ్ అంతా కలిసి వాడే మెయిల్ అడ్రస్ ఉంటే దానికి మనిషి పేరు మీద కాకుండా సంస్థ పేరు మీద సర్టిఫికెట్ దొరుకుతుంది.

ఇక స్టాఫ్. ఎన్‌క్రిప్షన్ గురించి క్లాసు పెట్టి మొదలుపెట్టకండి. మొదటి నెలంతా అందరి మెయిళ్ళకీ సంతకం మాత్రమే ఆన్ చేయండి. అవుట్‌లుక్‌లో ఒకసారి టిక్ పెడితే ఆ తర్వాత ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. సంతకం వల్ల ఏ మెయిలూ చదవలేని స్థితి రాదు, అవతలివాళ్ళ దగ్గర ఏమీ లేకపోయినా మామూలుగా తెరుచుకుంటుంది. ఇంకో పెద్ద లాభం ఏమిటంటే, సంతకం చేసిన ప్రతి మెయిల్‌తోనూ మీ సర్టిఫికెట్ అవతలివాళ్ళకి చేరుతుంది. దాంతోనే వాళ్ళు మీకు ఎన్‌క్రిప్ట్ చేసి జవాబివ్వగలరు. వాళ్ళ సంతకం ఉన్న మెయిల్ ఒకటి వస్తే మీరూ వాళ్ళకి పంపగలరు. కీలు ఇచ్చిపుచ్చుకోవడం ఎలాగన్న టెన్షన్ సగం ఇక్కడే తీరిపోతుంది.

ఈ నెలలో ఫోన్లు మాత్రం వస్తాయి. మెయిల్‌తో పాటు "ఎస్‌మైమ్ డాట్ పీ7ఎస్" అనే చిన్న ఫైలు వెళ్తుంది. సంతకాన్ని గుర్తించని మెయిల్ ప్రోగ్రాముల్లో అది అటాచ్‌మెంట్‌లా కనిపిస్తుంది. మా అకౌంట్స్‌లో అందరికంటే సీనియర్ అయిన మేడమ్ నా సీటు దగ్గరికి వచ్చి, "బాబూ, మన మెయిల్‌లో వైరస్ ఉందని క్లయింట్ గొడవ చేస్తున్నాడు, చూడు" అన్నారు. ఆ రోజే క్లయింట్లందరికీ నాలుగు వాక్యాల నోట్ ఒకటి రాసి పంపాం. ఆ ఫైలు ఏమిటో, అది తెరవనవసరం లేదని, మా మెయిల్ మీద సంతకం గుర్తు ఎక్కడ కనిపిస్తుందో అందులో చెప్పాం. ఆ నోట్ మీరు ముందే పంపండి. దాన్ని మీరు కాకుండా క్లయింట్‌తో రోజూ మాట్లాడే మనిషి పేరుతో పంపితే చదువుతారు.

"డీకిమ్, డీమార్క్ పెట్టుకున్నాం కదా, సంతకం ఎందుకు" అని మీ ఐటీ కుర్రాళ్ళు అడగొచ్చు. మెయిల్ మన డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాతి పేరు) నుంచే వచ్చిందా అని సర్వర్లు సరిచూసే ఏర్పాట్లు అవి, ఉండాల్సిందే. కానీ అవి డొమైన్‌కి హామీ ఇస్తాయి, మనిషికి కాదు. ఎవరి మెయిల్ పాస్‌వర్డో పోయి దొంగ లోపలికి వస్తే, వాడు పంపే మెయిల్‌కి కూడా డీకిమ్ ముద్ర పడుతుంది. ఎస్/మైమ్ కీ మాత్రం ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది కాబట్టి, పాస్‌వర్డ్ ఒక్కటే దొరికినవాడు సంతకం చేయలేడు. "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ నెల నుంచి ఇందులో వేయండి" అనే మోసపు మెయిళ్ళకి ఇదే అసలు మందు. కాకపోతే లేని సంతకాన్ని ఎవరూ గమనించరు. అందుకే క్లయింట్లతో కాగితం మీద ఒక నియమం రాసుకున్నాం: ఖాతా మార్పు గురించి సంతకం లేని మెయిల్ వస్తే చెల్లదు, సంతకం ఉన్నా పాత నంబర్‌కి ఫోన్ చేసి అడిగాకే మార్చాలి. డబ్బు అప్పటికే వెళ్ళిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని కూడా అందులోనే రాశాం.

ఎన్‌క్రిప్షన్ దగ్గర మా వాళ్ళు గట్టిగా అడ్డుపడింది ఒక్క కారణానికే: పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ పెడుతున్నాం కదా, అది చాలదా? ఈ అలవాటు మన దేశమంతా ఉంది. పాన్ నంబరో, పుట్టిన తేదీయో, రెండూ కలిపో పాస్‌వర్డ్ అని అదే మెయిల్‌లో రాసి పంపుతాం. దీనికి నేను వాదన పెట్టుకోలేదు, లెక్క చూపించాను. ఉద్యోగుల వయసులు 60 ఏళ్ళ పరిధిలో ఉన్నాయనుకుంటే మొత్తం తేదీలు దాదాపు 22,000. కంప్యూటర్‌కి అది కాసేపటి పని. పాన్‌లో ఉన్నవి పది అక్షరాలే అయినా, వ్యక్తులకి నాలుగో అక్షరం ఎప్పుడూ 'పి', ఐదోది ఇంటిపేరు మొదటి అక్షరం. పైగా పాన్ అనేది రహస్యమే కాదు, అద్దె ఒప్పందం నుంచి బంగారం కొట్టు వరకూ ఎన్నోచోట్ల ఇచ్చి ఉంటాం. ఒక ఉద్యోగి జీతం, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ ఆ ఒక్క ఫైల్లో ఉంటాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనల్ని నమ్మి ఆ వివరాలు ఇచ్చింది నెల జీతం మీద బతికే మనుషులు. ఆ మాట చెప్పాక మా మేడమే ముందుగా ఒప్పుకున్నారు.

అయినా ఎన్‌క్రిప్షన్ అందరికీ పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. జీతాలు, పన్నులు, ఆరోగ్య బీమా కాగితాలు పంపేవాళ్ళకి, అదీ ఆ మెయిళ్ళకి మాత్రమే పెట్టండి. ఎందుకంటే ఇబ్బందులు నిజంగానే ఉన్నాయి. ఎన్‌క్రిప్ట్ అయిన మెయిల్ లోపలి మాటలు అవుట్‌లుక్ సెర్చ్‌లో దొరకవు. సర్వర్‌లో ఉండే వైరస్ స్కానర్‌కి లోపల ఏముందో కనిపించదు, కాబట్టి ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ యాంటీవైరస్ సరిగ్గా ఉండాలి. ఎన్‌క్రిప్ట్ అయిన మాటల్ని బయటి బొమ్మల లింకుల ద్వారా దొంగిలించే వీలిచ్చే ఈఫెయిల్ అనే లోపం 2018లో బయటపడ్డాక, బయటి బొమ్మలు తమంతట తామే లోడ్ కాకుండా ఆపెయ్యడం కూడా తప్పనిసరి చేశాం. సబ్జెక్ట్ లైన్ ఎన్‌క్రిప్ట్ కాదు. ఇది స్టాఫ్‌కి పదేపదే చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగి పేరు, పాన్ సబ్జెక్ట్‌లో రాసి లోపల ఎన్‌క్రిప్ట్ చేస్తే ఏం లాభం? సబ్జెక్ట్‌లో "మార్చి జీతాల ఫైలు" అని ఉంటే చాలు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది కీల బ్యాకప్ మీద. డూప్లికేట్ తాళంచెవి లేని బీరువాలో ఆఫీసు కాగితాలన్నీ పెట్టి తాళం వేస్తామా? ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసినప్పుడు కీ పోతే, రెండేళ్ళ కిందటి మెయిల్‌ని సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ కూడా తెరవలేదు. మా పద్ధతి ఇదీ: ప్రతి ఎన్‌క్రిప్షన్ కీనీ పాస్‌వర్డ్ పెట్టిన పీఎఫ్‌ఎక్స్ ఫైలుగా (కీ, సర్టిఫికెట్ కలిపి దాచే ఫైలు) తీసి రెండు పెన్‌డ్రైవ్‌లలో వేరువేరు చోట్ల లాకర్‌లో ఉంచుతాం. ఆ పాస్‌వర్డ్ మాత్రం ఐటీ దగ్గర ఉండదు, ఫైనాన్స్ హెడ్ దగ్గర సీల్ చేసిన కవర్‌లో ఉంటుంది. సంతకానికీ ఎన్‌క్రిప్షన్‌కీ విడివిడి సర్టిఫికెట్లు తీసుకోగలిగితే ఇంకా మంచిది. అప్పుడు సంతకం కీకి నకలు ఎక్కడా ఉండదు, "ఆ సంతకం నేను చేయలేదు" అనే వివాదం రాదు. గడువు తీరిన సర్టిఫికెట్‌ని డిలీట్ చేయకూడదు, పాత మెయిళ్ళు తెరవాలంటే అదే కావాలి. ఉద్యోగి మానేసిన రోజున సర్టిఫికెట్ రద్దు చేయించి క్లయింట్లకి చెప్పాలి, కానీ ఎన్‌క్రిప్షన్ కీ బ్యాకప్ మాత్రం ఉంచుకోవాలి. ఈ సంగతి ఉద్యోగులకి ముందే చెప్పి కాగితం మీద సంతకం తీసుకోండి. తమ కీ నకలు ఆఫీసు దగ్గర ఉందని తర్వాత తెలిస్తే నమ్మకం పోతుంది. ఆఫీసు మెయిల్‌ని సొంత విషయాలకి వాడొద్దని చెప్పడానికి కూడా అదే సరైన సమయం.

మీరు ఇప్పుడే జర్మన్ క్లయింట్‌కి తేదీ ఇవ్వకండి. మీరూ, పేరోల్ చూసే ఇంకొకరూ ముందు సర్టిఫికెట్లు తెచ్చుకుని ఒకరికొకరు ఎన్‌క్రిప్ట్ చేసి పంపుకోండి. తర్వాత ఆ రెండో మనిషి ల్యాప్‌టాప్ నుంచి సర్టిఫికెట్ తీసేసి, బ్యాకప్ ఫైలు వేరే కంప్యూటర్‌లో వేసి, అదే మెయిల్ తెరిచి చూడండి. తెరుచుకుంటే అప్పుడు క్లయింట్‌కి మీ మొదటి సంతకం చేసిన మెయిల్ పంపి, జవాబు కూడా సంతకంతోనే ఇవ్వమని అడగండి. వాళ్ళ సర్టిఫికెట్ మీకు చేరగానే అసలు ఫైళ్ళు పంపడం మొదలుపెట్టొచ్చు.